గంజి మందు, చాప మందు

ముందు చప్పుడు వినిపించేది. కోరుట్ల దాటి జగిత్యాలకు పోయే తోవలో, రోడ్డు మెల్లగా వంపు తిరిగే చోట ఉన్న రేకుల షెడ్డులోంచి. దబ్, దబ్, ఆ తర్వాత గీరినట్టు ఒక పొడుగాటి గరగర, మళ్ళీ దబ్. మగ్గం ఎరిగినవాళ్ళు సైకిలు ఆపి చెవి పెట్టేవారు. మగ్గం కాదు, మగ్గానికి ఇంత తడి గొంతు ఉండదు. వెదురు కట్టె ప్లాస్టిక్ డ్రమ్ములోకి దిగి, చిక్కటి పిండిని అడుగు నుంచి ఎత్తి, అంచుకు కొట్టి, డ్రమ్ము గోడ వెంట తిరుగుతున్న చప్పుడది. లోపలికి అడుగు పెడితే మొదట పిండి ధూళి కనిపించేది, పొలం మీద ఆగిపోయిన పొగమంచులాగా. ఆ ధూళి వెనక, మోచేతుల దాకా ఎర్రటి పిండితో, నెత్తికి తువ్వాల చుట్టుకుని ఒక మనిషి. పేరు రాజం. సిరిసిల్ల నుంచి వచ్చినవాడు. కోరుట్లలో అందరూ గంజి రాజం అనేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. సిరిసిల్లలో వాళ్ళ నాయనది మగ్గానికెక్కే నిలువు దారాలకు, పడుగులకు, గంజి పట్టించే పని. పొద్దు పొడిచే వేళకు గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పడుగు సాగదీసి ఉండేది. ఒక పక్క తండ్రి, ఒక పక్క కొడుకు, చేతుల్లో కుంచెలు. దారాల మీద గంజి తళతళలాడుతూ ఆరుతుంటే గల్లీలో ఒక తెల్లటి వాగు పారుతున్నట్టుండేది. పిల్లలు దాని కింది నుంచి వంగి బడికి పోయేవారు. గంజి పల్చనైతే దారం మగ్గం మీద తెగుతుంది. చిక్కనైతే అట్టకడుతుంది. పులిస్తే దారమే కుళ్ళుతుంది. పులవకుండా ఉండేందుకు మైలుతుత్తం నూరి చిటికెడు కలిపేవారు. ఆ నీలి పొడి ఒక రేకు డబ్బాలో ఉండేది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని తుత్తం అనలేదు. మందు అనేవారు. "గంజికి మందేసినవారా?" అని తండ్రి అడిగితే, ఆ నీలి చిటికెడు గురించే. నోరు పొక్కినప్పుడు నాటు వైద్యుడు కూడా అదే పొడిని వేయించి, పుల్లతో తీసి పుండు మీద అద్దేవాడు. రాజం నాలుకకు ఆ రుచి తెలుసు.

తర్వాత మరమగ్గాలు వచ్చాయి, గంజి పట్టించే మిషన్లు వచ్చాయి. గల్లీలో తెల్లటి వాగు ఎండిపోయింది. ఆ ఏళ్ళలో సిరిసిల్లలో ఒక్కో వాడకట్టులో ఒక్కో మగ్గం ఊపిరి ఆపుకునేది. మగ్గంతో పాటు, ఒక్కోసారి, దాని ముందు కూర్చున్న మనిషి కూడా. రాజం పక్కింట్లోనే అట్లా ఒకడు పోయాడు. ఆ ఇంటి దూలం వైపు రాజం ఊరికే చూస్తూ నిలబడటం భార్య సరోజన రెండుసార్లు గమనించింది.

"మా అవ్వగారింటికి పోదాం నడువు. కోరుట్లల నాకు బీడీల పని దొరుకుతది. నువ్వేం చెయ్యకున్నా మంచిదే, నా కండ్ల ముంగట ఉండు" అంది.

అట్లా వచ్చారు. మూటలో బట్టలతో పాటు రెండు కుంచెలు, ఆ రేకు డబ్బా కూడా వచ్చాయి. పని పోయినా పనిముట్లు పారేయడానికి చేయి రాదు.

కోరుట్ల బస్టాండు పక్కన నిజాముద్దీన్ బండి ఉండేది. సాయంత్రమైతే పెద్ద మూకుడులో చేప ముక్కలు సలసల కాగేవి. అల్లం, ఎల్లిపాయ, కారం, నిమ్మకాయ, బియ్యప్పిండి, అంతే. జగిత్యాల పోయే బస్సు డ్రైవర్లు కూడా ఆగి తినేవారు. పని దొరక్క తిరుగుతున్న రాజం ఆ బండి ముందు నిలబడి నూనె వైపు చూస్తుండేవాడు. ఒకరోజు నిజాముద్దీన్ గరిటె ఎత్తి పట్టుకుని అడిగాడు.

"ఏం భాయ్, గంటసేపటి సంది చూస్తున్నవ్. నూనెల నీ మొఖం కనబడుతున్నదా?"

"నీ పిండి చాపకు అంటుతలేదు సేట్. ఉప్పు ముందుగాల వట్టిస్తున్నవు, చాప నీళ్ళిడుస్తున్నది. తడి మీద గంజి నిలువది."

"గంజా?" నిజాముద్దీన్ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "నేను చాపలు గోలిస్తున్ననా, లుంగీలు నేస్తున్ననా?"

అందరూ నవ్వారు. రాజం కూడా నవ్వి, చేతులు కడుక్కుని, గిన్నె లాక్కుని పిండి కలిపాడు. ఆ రోజు ముక్క మీద పూత బొబ్బలెత్తలేదు, ఊడలేదు. చివరి ముక్క అతనికే పెట్టి, "రేపు కూడ రా, గంజి సేట్" అన్నాడు నిజాముద్దీన్. మరునాడు రాజం వెళ్ళాడు. దూలాల వైపు చూడటం మానేశాడు. సరోజనకు నిజాముద్దీన్ అంటే గౌరవం అప్పటి నుంచే. రంజాన్ పండుగకు ఆమె బీడీలు చుట్టిన చేతులను సబ్బుతో తోముకుని, ఆ ఇంటికి వెళ్ళి సేమియా తిని వచ్చేది.

బండి షెడ్డుగా మారింది అఫ్సర్ వల్ల. అఫ్సర్ నిజాముద్దీన్ అన్న కొడుకు. గల్ఫ్‌లో ఐసు చేపల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చాడు. అక్కడ నేర్చిందంతా ఇక్కడ పెడతానన్నాడు. ఫ్రీజర్లు, కవర్ల మూతులంటించే మిషను, గ్లౌజులు వచ్చాయి. కోస్తా నుంచి ముల్లు తీసిన చేప ఐసు డబ్బాల్లో లారీ మీద దిగేది. దాన్ని ముందు మందు నీళ్ళలో నానబెట్టాలి. అది తెల్లటి పొడి, హైదరాబాద్ నుంచి వచ్చేది. దాని పేరు అఫ్సర్ ఒకటి రెండుసార్లు చెప్పాడు, షెడ్డులో ఎవరి నోరూ తిరగలేదు. ఆఖరికి అతనే "మందు అనుండ్రి, ఖతం" అన్నాడు. ఆ నీళ్ళలో ముక్క ఉబ్బుతుంది, నీటిని వదలకుండా పట్టుకుంటుంది, తూకం పెరుగుతుంది, తొందరగా పాడు కాదు. పిండి ఆగడానికి డ్రమ్ములో కూడా అదే వేసేవారు.

"గంజి వట్టిన దారం లెక్కనే" అన్నాడు రాజం, ఉబ్బిన ముక్కను అరచేతిలో తూస్తూ. "మావోళ్ళు గూడ దారానికి గిట్లనే బరువెక్కిస్తుండ్రి."

"ప్యాకెట్ దందా అంటేనే గది కాకా. ఇంట్ల అండుకునేటోడు నీళ్ళకు పైసలియ్యడు. మనం ఇప్పిస్తం."

ఆరిన ముక్క మీద పొడి పిండి చల్లి, తర్వాత డ్రమ్ములోని జారుడు పిండిలో ముంచాలి. మైదా, మక్క పిండి, పొంగడానికి సోడా, నాలుక మీద రుచి నిలవడానికి గాజు పలుకుల్లాంటి ఒక ఉప్పు, బండి మీది కారం రంగు కనిపించడానికి ఎర్ర రంగు, పూత ఊడకుండా ఒక జిగురు పొడి. ముంచి, నూనెలో ఒక్క క్షణం అద్ది తీసి, గడ్డకట్టించి, కవర్లో పెట్టి మూతి అంటించాలి. కవరు మీద నిజాముద్దీన్ బండి బొమ్మ. కొనేవాళ్ళు ఆ బొమ్మను చూసే కొన్నారు.

మొదట్లో ప్రతి పొడి సంచీ విప్పినప్పుడు రాజం అడిగేవాడు.

"ఇది తింటరా?"

"తింటరు కాకా."

"మరి ఇది?"

"దునియా అంతా తింటున్నది. నువ్వొక్కడివే భయపడుతున్నవ్."

కొన్ని నెలలకు అడగడం మానేశాడు. ఇంటి వంటపొయ్యి దగ్గర తినేదానికీ తినకూడనిదానికీ మధ్య ఒక గడప ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే చేయి అక్కడ ఆగుతుంది. షెడ్డులో ఆ గడప కొద్దికొద్దిగా అరిగిపోయింది. అక్కడ పొడి అంటే పొడి. వేయమంటే వేయడమే.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో పండుకున్నాయి. బడుల గేట్లకు తాళాలు. బొగ్గు బాయిల్లో పని ఆగి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా పోయింది. లారీలు లేక కోస్తా చేప ఆగిపోయింది, హైదరాబాద్ పొడులు ఆగిపోయాయి. నిజాముద్దీన్ షెడ్డు బంద్ చేసి, పొద్దంతా దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. టెంటు కింద జంపఖానా మీద, మెడలో దండతో, అతని తెల్ల గడ్డం ఆ నీడలో వెలుగుతూ ఉండేది.

శిబిరం నడిపించేది ఎల్లేశం. మంచి మాటకారి. ఒకరోజు మైకులో ఊరు ఊరంతా వింటుండగా అన్నాడు.

"మా సేట్ సాబ్‌కు తెలంగాణ మీద ప్రేమ మస్తుగున్నది. గని నోట్ల జై తెలంగాణ, డబ్బల ఆంధ్ర చాప."

టెంటంతా గొల్లుమంది. నిజాముద్దీన్ కూడా నవ్వాడు. ఎల్లేశానికి అది మాటవరస. అన్నాక మరిచిపోయాడు. నిజాముద్దీన్ మాత్రం సాయంత్రం షెడ్డుకు వచ్చి, ఖాళీ డ్రమ్ము బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"రాజం భాయ్, నా గడ్డం నల్లగున్నప్పటి సంది ఈ ఊరికి తినవెడుతున్న. మా అబ్బా గోరీ ఈడనే ఉన్నది. ఒక్క మాటల నన్ను బయట నిలవెట్టిండు."

"నవ్వులాటకు అన్నడు సేట్."

"నవ్విన్రు గద అందరు." డ్రమ్ము మీంచి లేచాడు. "ఆదివారం రోడ్డు మీద వంటావార్పు అంటుండ్రు. అన్నం ఆళ్ళు వండనీ. చాప నాది. మన చెరువు చాప, మన షెడ్డుల పిండి. ఆ పొద్దు నా చెయ్యి ముక్క తిన్నోడు మల్ల నన్ను బయటోడు అనొద్దు. గంతే నాకు గావాల్సింది."

రాజానికి ఆ మాట లోపల ఎక్కడో తగిలింది. తనను దూలం కింది నుంచి లాక్కొచ్చి పొయ్యి ముందు నిలబెట్టిన మనిషి అడుగుతున్నది ఒక్క ఆదివారం. "అయితది సేట్" అన్నాడు.

శనివారం పొద్దున చెరువు మీద వలలు వేశారు. బొచ్చె చేపలు బండ్ల మీద షెడ్డుకు వచ్చాయి. వాడకట్టు ఆడవాళ్ళు కత్తిపీటలు వేసుకుని కూర్చున్నారు. అంతమందికి సరిపడా కోసి, కడిగి, ముంచి పెట్టాలంటే ఆ పగలంతా పడుతుంది. రేపు పొద్దున మొదలుపెడితే అందదు. రాజం శనివారం ఒక్కపొద్దు ఉంటాడు, నీచు ముట్టడు. అందుకే ఆ రోజు పిండిని నాలుక మీద వేసుకుని చూడలేదు. మామూలు రోజుల్లో కట్టె కొసకు అంటిన పిండిని చప్పరించి గానీ డ్రమ్ము దిగేవాడు కాదు.

మధ్యాహ్నానికి కరెంటు పోయింది. ఫ్రీజర్లు ఒక్కసారిగా మూగబోయాయి. రేకుల కింద ఎండ కాగుతూ ఉంది. జనరేటర్‌కు డీజిల్ కోసం అఫ్సర్ జగిత్యాల వెళ్ళాడు. పిండి మీద సన్నటి బుడగలు లేచి చిట్లడం రాజం చూశాడు. వంగి వాసన చూశాడు. పులుపు మొదలైంది. గంజి పులిసినప్పుడు గల్లీలో లేచే వాసనే అది. తండ్రి అడిగే ప్రశ్న ఎవరో చెవిలో అడిగినట్టయింది. తెల్ల మందు డబ్బా తీసి చూశాడు. అడుగున గోటికి అంటేంత కూడా లేదు.

ఫోను చేశాడు. అఫ్సర్ చుట్టూ నినాదాలు, హారన్లు.

"అఫ్సర్, పిండి పులుస్తున్నది. మందెయ్యాల్నా?"

"ఎయ్యి కాకా. లేకపోతే పొద్దటికి ఆగది."

"డబ్బ ఖాళీ అయింది. నా తాన మందున్నది, ఇంట్ల."

"దాచివెట్టినవా? శభాష్. రెండు గుప్పిళ్ళు ఎయ్యి. ఎండ దంచుతున్నది, జర ఎక్కువ వడ్డా ఏం గాదు."

రాజం ఇంటికి నడిచాడు. సరోజన గుమ్మంలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏం దేవులాడుతున్నవయ్యా?"

"మందు."

"పానం మంచిగ లేదా? ఒక్కపొద్దులు వద్దంటే వినవు."

"నాకు గాదు, పిండికి."

"గట్ల చెప్పు. అటుక మీద కుంచెల సందున సూడు, రేకు డబ్బల."

డబ్బా మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆమే చీరె కొంగుతో పట్టుకుని మెలితిప్పి తీసి ఇచ్చింది. లోపల పొడి చల్లారిన ఆకాశంలా నీలంగా ఉంది, ఇన్నేళ్ళయినా రంగు తగ్గలేదు. తెచ్చి, అఫ్సర్ చెప్పిన కొలతే వేశాడు. తండ్రి చిటికెడు వేసేవాడని గుర్తుంది. కానీ తండ్రిది పులవని గంజి, ఇది పులుస్తున్న పిండి. ఇంతకన్నా వింత పొడులు ఎన్నో ఈ డ్రమ్ములో తన చేత్తోనే పడ్డాయి, ఊరంతా తిన్నది, ఎవరికీ ఏమీ కాలేదు. నోటి పుండు మీద పెట్టేదే కదా. కట్టె దింపాడు. నీలం ఒక తీగలా సాగి, ఎరుపులో రెండు చుట్లు తిరిగి, మాయమైంది. ఆ ఎర్ర రంగే లేకపోతే డ్రమ్మంతా నీలంగా మారి తనను ఆపి ఉండేదని రాజం తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. బుడగలు ఆగిపోయాయి. పిండి చెప్పిన మాట విన్న పిల్లలా చదునుగా పడుకుంది. ముంచిన ముక్కలు, రాత్రికి అఫ్సర్ డీజిల్ తెచ్చాక, ఫ్రీజర్లలోకి చేరాయి.

ఆదివారం రోడ్డు నిండా పొయ్యిలు. తారు మీద మూడేసి రాళ్ళు, వాటి మీద డేగిసాలు. డప్పులు, పాటలు, పొగ. బస్సులు తిరిగే తోవ మీద జనం బంతులు బంతులుగా కూర్చున్నారు. నిజాముద్దీన్ తెల్ల లాల్చీ వేసుకుని, తన చేత్తోనే విస్తరాకుల్లో ముక్కలు వేస్తున్నాడు. సరోజన మూకుడు దగ్గర. రాజం పొయ్యి కింద కట్టెలు ఎగదోస్తున్నాడు. మొదటి ముక్క ఎల్లేశానికి.

"సేట్, ఇయ్యాల చాప మనదే గద?"

"చెరువు మీది, ముక్క నాది. తిని చెప్పు."

ఎల్లేశం నమిలాడు. "కారం మస్తుగున్నది. గని కలాయి లేని ఇత్తడి గిన్నెల అండినట్టు ఏందో చిలుము తలుగుతున్నది."

"నీ నాలికె మైకు పట్టుకొని పట్టుకొని తుప్పువట్టింది. నిమ్మకాయ పిండుకో."

నవ్వులు. ఎల్లేశం ఇంకో ముక్క అడిగి వేయించుకుని, మైకు తీసుకుని, "తప్పయింది సేట్, నువ్వు మావోనివే" అన్నాడు. నిజాముద్దీన్ చేతిలో గరిటె కాసేపు గాలిలోనే ఆగింది. అతను రాజం వైపు తిరిగి చూశాడు. ఆ చూపు కోసం రాజం ఎన్ని డ్రమ్ములైనా కలిపేవాడు.

రెండో బంతి లేవకముందే మొదటి బంతిలో ఒకతను రోడ్డు పక్కకు పరుగెత్తాడు. తర్వాత ఒకామె. తర్వాత చాలామంది. ఎండకు అనుకున్నారు, పొగకు అనుకున్నారు. రాజం నీళ్ళ చెంబు పట్టుకుని ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళి వీపు నిమురుతూ కిందికి చూశాడు. తారు మీద అన్నం మెతుకుల మధ్య ఆకుపచ్చ కలిసిన నీలం. ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా ఆ రంగు అతనికి తెలుసు. చెంబు అక్కడే వదిలి వెనక్కి ఉరికాడు. మూకుడును కాలితో తన్నాడు. నూనె రోడ్డు మీద పారి మంట లేచింది.

"ముట్టకుండ్రి. ఎవ్వలు ముట్టకుండ్రి" అంటున్నాడు.

"నీకేం పుట్టింది?" అంది సరోజన. ఆమె పొద్దటి నుంచి కూర్చుని తిన్నది లేదు. మూకుడులో విరిగిన ముక్కలు, పూత పెచ్చులు వడ్డించడానికి పనికిరావని, నిలబడే చేతిలో వేసుకుని నములుతూ ఉంది. అందరికంటే ఎక్కువ తిన్నది ఆమే. ఆ సంగతి అతనికి ఆమె గుప్పిట తెరిచినప్పుడు అర్థమైంది.

ట్రాలీ ఆటోల్లో, ట్రాక్టర్లలో జగిత్యాల తీసుకుపోయారు. ఆసుపత్రిలో రాజం డాక్టరు చేయి పట్టుకుని మైలుతుత్తం అని చెప్పాడు, ఎంత వేశాడో చెప్పాడు. ఆ మాట వల్లనే చాలామంది బతికారని డాక్టరు తర్వాత అన్నాడు. వాంతి అయినవాళ్ళు తేలికపడ్డారు. సరోజనకు వాంతి సరిగ్గా కాలేదు. ఒంట్లో షుగరు ఉంది. మూత్రం ఆగిపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి. రెండు పొద్దులు గడిచాక, నీళ్ళు అడిగి, తాగకుండానే పోయింది. అంతమందిలో పోయింది ఆమె ఒక్కతే.

అప్పటికే ఆసుపత్రి బయట గుంపు. ఉద్యమాన్ని చంపడానికి అన్నంలో విషం కలిపారన్న మాట ఊళ్ళ మీద పడి పోతోంది. కలిపించింది ఎవరన్నది ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతున్నారు. అన్ని తీర్లూ ఆఖరికి నిజాముద్దీన్ షెడ్డు దగ్గరే ఆగుతున్నాయి. రాజం మెట్ల మీద నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకున్నాడు.

"మందు నేనే ఏసిన. సేట్‌కు తెల్వది. అఫ్సర్ మందెయ్యమన్నడు, గని ఆయన మందు వేరు, నా మందు..."

వాక్యం సగంలోనే గుంపు కదిలింది. మందెయ్యమన్నడు అన్న మాటను ఎవరో అందుకున్నారు. రెండో మనిషి నోట్లో అది మందు పెట్టమన్నడు అయింది. ఒకరి తిండిలో మందు పెట్టడమంటే ఏమిటో ఆ నేల మీద అందరికీ తెలుసు. పగతో, చంపడానికి, మనిషిని లొంగదీసుకోవడానికి పెట్టేది. ఐసు చేపకు వేసే తెల్ల పొడి, పడుగు గంజికి వేసే నీలి పొడి, సరోజన అనుకున్న ఒంటి మందు, వీటిలో ఏదీ ఆ గుంపుకు వినబడలేదు. "తురకోడు మందు వెట్టిచ్చిండు" అనుకుంటూ కోరుట్ల వైపు బండ్లు తిరిగాయి. రాజం వాటి వెనక "గది గాదు, నేను జెప్పింది గది గాదు" అంటూ కొంత దూరం పరుగెత్తాడు.

షెడ్డు కాలిపోయింది. అఫ్సర్‌ను ఠాణాకు తీసుకుపోయారు. రాజం అక్కడికీ వెళ్ళాడు.

"మందెయ్యమన్నది ఎవరు?" అని అడిగారు.

"అఫ్సరే సార్, గని..."

"ఎంత ఎయ్యమన్నడు?"

"రెండు గుప్పిళ్ళు."

అడిగినదానికి నిజమే చెప్పాడు. చెప్పిన ప్రతి నిజం అఫ్సర్ మెడకే చుట్టుకుంది. ఆఖరికి డాక్టరు వచ్చి, రాజం ఆ మొదటి గంటలోనే తనకు చెప్పినదంతా వివరంగా చెబితే, తెలియక జరిగిందని రాసుకుని అఫ్సర్‌ను వదిలారు, రాజాన్నీ ఇంటికి పంపారు. అఫ్సర్ దొరికిన మొదటి వీసా మీద మళ్ళీ గల్ఫ్ వెళ్ళిపోయాడు.

శిబిరంలో సరోజన ఫోటో పెట్టారు, పెద్ద ఫ్లెక్సీ మీద. అమరురాలు అని రాసి, దండ వేసి, రెండు నిమిషాలు నిలబడ్డారు. కోనరావుపేటకు పెళ్ళి చేసి పంపిన కూతురు సంధ్య నడిచీ, దొరికిన బండి ఎక్కీ వచ్చి, ఆ ఫోటో ముందే కూలబడింది. రాజం ఎల్లేశం దగ్గరికి పోయి మైకు అడిగాడు.

"ఎందుకు రాజన్నా?"

"సేట్ తప్పు లేదని చెప్పుత."

ఎల్లేశం కళ్ళు ఇంకా గుంటలు పడే ఉన్నాయి, అతనూ ఆసుపత్రిలో పడుకుని వచ్చినవాడే. "నీ పెండ్లాం పోయిన దుఃఖంల ఏదేదో అంటున్నవ్. పండుకో, పో" అన్నాడు మెల్లగా. నమ్మకపోవడంలో అతనికి ద్వేషం లేదు, జాలే ఉంది. ఆ జాలిని దాటడం రాజానికి చేతకాలేదు.

సంధ్య తండ్రిని పక్కకు లాగింది.

"బాపూ, ఊకో."

"సేట్ ఏం చెయ్యలే బిడ్డా. నేనే..."

"నాకు ఎరుకే. డబ్బ అవ్వనే తీసిచ్చిందట గద, పక్కింటోళ్ళు చెప్పిండ్రు." ఆమె గొంతు తగ్గించింది. "ఈళ్ళందరు అవ్వ ఉద్యమంల పోయిందంటుండ్రు. నువ్వేమో నీ చేత్తోని పోయిందంటున్నవ్. రేపు నా పిల్లలు అడిగితే నేనేం చెప్పాలె? జర నా కోసం ఊకో."

అతను ఊరుకోలేదు. చీకటి పడకముందే నిజాముద్దీన్ ఇంటికి పోయాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల నిజాముద్దీన్ భార్య లతీఫున్నీసా వంట గిన్నెలు గోనె సంచుల్లో కుక్కుతోంది. నిజాముద్దీన్ లేచి వచ్చి, రాజాన్ని కౌగిలించుకుని, సరోజన పేరెత్తి ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

"మా బహెన్ వోయింది. నాకు ఆ దుఃఖమే మస్తుగున్నది. ఇగ నువ్వు మాట్లాడకు రాజం భాయ్."

"నీ పేరు బదనాం అయితున్నది సేట్. నేను చెప్పకపోతే ఎవలు చెప్తరు?"

"నువ్వు నోరిప్పినకొద్ది నాకే తాకుతున్నది. చూస్తలేవా? నువ్వు మందు అన్నప్పుడల్ల ఒక రాయి వడుతున్నది నా ఇంటి మీద." రాజం భుజం మీద చేయి వేశాడు. "దోస్తువని అడుగుతున్న. నా చెయ్యి ఇడువు. పో."

లతీఫున్నీసా లోపలి నుంచి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రాజం తాగాడు. ఆ ఇంట్లో అతను తాగిన చివరి నీళ్ళవి. మరునాటికి ఇల్లు ఖాళీ. నిజామాబాద్ అన్నారు, భీవండి అన్నారు, ఎవరికీ తెలియదు. తండ్రి గోరీ ఉన్న ఊరిని వదిలి ఆ మనిషి బయటోడిగానే వెళ్ళిపోయాడు.

రాజం సిరిసిల్ల తిరిగి వచ్చాడు. మరమగ్గాలు, అక్కడివాళ్ళ మాటలో సాంచాలు, నడిచే కార్ఖానాలో కాపలా పని దొరికింది. తెలంగాణ వచ్చిన రోజు కార్ఖానా ముందు పటాకులు కాల్చి మిఠాయి పంచారు. అతను మిఠాయి తీసుకుని, రుమాలులో చుట్టి, ఎవరికిద్దామా అన్నట్టు చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు బజారులో తినడు. ఏ ప్యాకెట్టూ విప్పడు. జ్వరమొస్తే కాంపౌండర్‌ను గోలీ అడుగుతాడు, మందు అనే మాట నోటికి రానివ్వడు. ఆ మాట అనకుండా బతకడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకే తెలుస్తుంది. పొలానికి కొట్టేది మందు, సీసాలో తాగేది మందు, పంటి నొప్పికి మందు. ఆ మాట దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అతను ఆగి, పక్క నుంచి చుట్టి పోతాడు. వాగులో మునిగిన రాయి ఎక్కడుందో తెలిసినవాడు నడిచినట్టు.

ఇదంతా అతను కార్ఖానా గేటు దగ్గర బల్ల మీద కూర్చుని, సాంచాల మోతకు గొంతు పెంచి చెప్పాడు. అడిగినవాటికి జవాబిచ్చాడు, అడగనివి కూడా చెప్పాడు. సరోజన ఫోటో ఉందా అంటే లేదని తలాడించాడు. ఫ్లెక్సీ మీదిదే ఆమె ఒకే ఒక్క ఫోటో, అది వానలకు పోయింది. రాసుకోవడానికి వచ్చిన మనిషి సెలవు తీసుకుని లేస్తుంటే రాజం గేటు గొళ్ళెం తీసి పట్టుకున్నాడు.

"నిజాముద్దీన్ సేట్ యాడనన్న కానొస్తే, గిది గాయనకు నువ్వే సదివి ఇనిపియ్యి. తెలుగు మాట్లాడుతడు గని, సదువరాదు."